మీటింగ్‌కు ముందే రాసిన వార్త

ఒక మనిషికి తన బుద్ధి మీద తనకున్న నమ్మకాన్ని నేను తీసేశాను. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు తొమ్మిదేళ్ళు పట్టింది. ఇంతకుముందు ఎన్నిసార్లు మొదలుపెట్టినా దీని దగ్గరికి రాకుండానే పక్కకి తప్పుకున్నాను. పరిస్థితుల గురించి రాశాను. ఆయన వయసు గురించి రాశాను. అపార్థం జరిగిందని కూడా ఒకసారి రాశాను. అపార్థమేమీ లేదు. ఆయన అడిగారు. నేను అబద్ధం చెప్పాను. ఆయన నమ్మారు.

మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు రాయను. ఆయన పేరు కూడా రాయను. మాస్టారు అందాం. అమెరికాలో మేమున్న ఊరు ఆష్‌బర్న్‌లో తెలుగువాళ్ళందరూ ఆయన్ని అలాగే పిలిచేవారు.

నేను ఇరవై ఏళ్ళకు పైగా ఒక తెలుగు దినపత్రికలో పనిచేశాను. మొదట విలేకరిగా, తర్వాత వార్తలు దిద్దే డెస్కులో. నా భార్యకి అమెరికాలో ఉద్యోగం వస్తే ఆమె వీసా మీద వచ్చాను. నాకు పనిచేసే అనుమతి లేదు. పొద్దున్నే ఆమెను డేటా సెంటర్ దగ్గర దింపి, కిటికీల్లేని ఆ పొడుగాటి గోడల పక్కనుంచి వెనక్కి వచ్చేవాణ్ణి. ఎవరైనా "ఏం చేస్తుంటారు?" అని అడిగితే మాట మార్చేసేవాణ్ణి. అలాంటి రోజుల్లో అక్కడి తెలుగు సంఘంవాళ్ళు తమ వెబ్ పత్రికను చూసిపెట్టమన్నారు. జీతం లేదు గానీ గౌరవం ఉంది. ఎక్కడికి వెళ్ళినా "పెద్ద డైలీలో చేసినాయన" అని పరిచయం చేసేవారు. వార్తలు రాసే కుర్రాళ్ళని కూర్చోబెట్టి, చెవులతో విననిది చేత్తో రాయకూడదని పాఠాలు చెప్పేవాణ్ణి. వాళ్ళు తలలూపేవారు. ఆ తలలూపడం మీద ఆధారపడి బతికానంటే అతిశయోక్తి కాదు.

మాస్టారు కృష్ణా జిల్లాలో ఒక కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. భార్య పోయాక కూతురు మాధవి దగ్గరికి వచ్చేశారు. వచ్చి ఊరికే కూర్చోలేదు. అరవై దాటాక డ్రైవింగ్ నేర్చుకున్నారు. ఒక పాత కారు కొనుక్కుని రోజూ లైబ్రరీకి వెళ్ళేవారు. మన గుంటూరు పత్తి ఓడలెక్కి ఎక్కడికి పోయేదో చూద్దామని పాత ఇంగ్లీషు పత్రికలు తిరగేస్తూ, ఉత్తర ఇంగ్లండ్‌లోని ఒక నూలు మిల్లుల ఊరు చేరారు. అక్కడ ఆయనకి ఒక మనిషి దొరికాడు.

నూరేళ్ళ కిందటి మనిషి. ఆ ఊరి మేయర్. మేమిద్దరం ఆయన్ని 'మేయర్‌గారు' అనే అనుకునేవాళ్ళం, మా వీధిలో ఉంటున్నట్టు. చిన్నప్పుడు సగం పూట మిల్లులో, సగం పూట బళ్ళో గడిపాడట. కార్మిక సంఘంలో గుమాస్తాగా చేరి, ఆ తర్వాత కౌన్సిలర్ అయ్యాడు. కొండల్లోంచి ఊరికి మంచినీళ్ళు తెప్పించాడు. స్నానపు గదుల్లేని ఇళ్ళ వాళ్ళకోసం ఊరుమ్మడి స్నానశాలలు కట్టించాడు. మేయర్ అయ్యాడు, పార్లమెంటుకి వెళ్ళాడు, యుద్ధం వద్దన్నందుకు ఓడిపోయాడు. ఓడిపోయి ఇంట్లో కూర్చోలేదు. మళ్ళీ కౌన్సిలర్‌గా గెలిచి అదే మునిసిపల్ హాల్లో చివరి వరసలో కూర్చున్నాడు. మాస్టారికి ఆయన మీద ప్రేమ అక్కడే పుట్టింది. "పార్లమెంటు చూసొచ్చినవాడు మురుగుకాలవ గురించి మాట్లాడ్డానికి సిగ్గుపడలేదయ్యా. అదీ మనిషంటే" అనేవారు.

కానీ ఆ ఊళ్ళో మేయర్‌గారిని తలచుకునేది నీళ్ళకోసం కాదు. ఆయన మేయర్‌గా ఉండగా ట్రామ్ కార్మికులు సమ్మె చేశారు. సైన్యం వచ్చింది, కాల్పులు జరిగాయి, ఒక మనిషి చనిపోయాడు. సైన్యాన్ని పిలిపించింది మేయరేనని అందరూ అనుకున్నారు. ఆయన ఖండించలేదు. చచ్చిపోయేదాకా ఆ మచ్చ పోలేదు. మాస్టారు ఏళ్ళ తరబడి వెతికి, సైన్యాన్ని పిలిచింది ఆయన కాదని, పిలవొద్దని ప్రాధేయపడినవాడే ఆయన అని తేల్చారు. ఇంగ్లండ్‌లో ఉన్న మేయర్‌గారి మునిమనవరాలు ఈ ముసలి తెలుగాయన పట్టుదల చూసి ముచ్చటపడి, ఇంట్లో ఉన్న ఫొటోలు, కాగితాలు ఒక్కొక్కటే పంపుతూ ఉండేది. వాటితో మాస్టారు పుస్తకం రాస్తున్నారు.

ఇదంతా నాకు అప్పుడు తెలుసా? ఈ ప్రశ్న నాకు నేనే చాలాసార్లు వేసుకున్నాను. సగం తెలుసు. సరిగ్గా సగం.

మా వృత్తిలో ఒక అలవాటుంది. బయటివాళ్ళకి తెలియదు, లోపలివాళ్ళు తప్పనుకోరు. సభ సాయంత్రం ఉంటే దాని వార్త మధ్యాహ్నానికే తయారైపోతుంది. ఆహ్వానపత్రిక చూస్తే వక్తలెవరో తెలుస్తుంది. వాళ్ళేం మాట్లాడతారో కూడా తెలుసు, ఎప్పుడూ అదే మాట్లాడతారు కాబట్టి. ఒకాయన పేర్కొంటాడు, ఇంకొకాయన అభిప్రాయపడతాడు, ముఖ్య అతిథి పిలుపునిస్తాడు. శాలువా కప్పే వేళకి వెళ్ళి ఫొటో తీసుకుంటే చాలు. ఒకసారి వానకి రద్దయిపోయిన సభలో మంత్రిగారి ప్రసంగం మా జిల్లా పేజీలో వచ్చేసింది. మర్నాడు మంత్రిగారే ఫోన్ చేసి "బాగా మాట్లాడానయ్యా" అన్నారు. ఆఫీసంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాం.

లైబ్రరీ మీటింగ్ రూములో మాస్టారి ఉపన్యాసం ఏర్పాటయింది. 'ఒక మేయర్ కథ' అని పేరు పెట్టుకున్నారు. శనివారం మధ్యాహ్నం. అదే మధ్యాహ్నం పక్క ఊరి హోటల్లో ఒక సినిమా హీరోతో విందు. దాని నిర్వాహకుడు మా పత్రికకి ప్రకటనలిచ్చే ఆయన. సంఘం ప్రెసిడెంట్ నాకు ఫోన్ చేసి "బ్రదర్, హీరో ప్రోగ్రామ్ మీరే కవర్ చేయాలి. మాస్టారిది ఎవరైనా చేస్తారు" అన్నాడు. ఆ ఎవరైనా ఎవరూ లేరు. రెండూ నేనే చేస్తానన్నాను. నాకిది కొత్తా?

ముందురోజు మాస్టారికి ఫోన్ చేసి, టూకీగా ఏం చెప్పబోతున్నారో చెప్పండి, నోట్స్ రాసుకుంటానన్నాను. ఆయన పిల్లాడిలా నవ్వారు. "అంతా ఇప్పుడే చెప్పేస్తే రేపు ఏం వింటావయ్యా? సగం చెప్తా. మిగతా సగం వచ్చి విను" అన్నారు. సగం చెప్పారు. సైన్యాన్ని పిలిచిన మేయర్ అని ఆ ఊరు చెప్పుకునే కథ చెప్పారు.

ఆ సగంతో నేను వార్త రాసేశాను. సమ్మెను సైన్యంతో అణచిన మేయర్ అని శీర్షిక పెట్టాను. ఎంత మంచి నాయకుడైనా అధికారంలో ఉండగా తన వాళ్ళమీదికే తుపాకులు పంపుతాడని మాస్టారు అభిప్రాయపడ్డట్టు రాశాను. ఆ చివరి వాక్యం నా సొంతం. రాశాక రెండుసార్లు చదువుకుని, బాగుందనుకున్నాను.

హోటల్లో హీరో ఆలస్యంగా వచ్చాడు. నేను లైబ్రరీకి చేరేసరికి కుర్చీలు మడుస్తున్నారు. శాలువా కప్పుతున్నారు. వెనకనుంచి వచ్చి గ్రూప్ ఫొటోలో నిలబడ్డాను. మాస్టారి మొహం వెలిగిపోతోంది. నా చెయ్యి పట్టుకుని "ఎలా ఉందయ్యా?" అన్నారు. "అద్భుతం మాస్టారూ" అన్నాను. అక్కడ మొదలైంది అబద్ధం. కానీ అది ఇంకా చిన్నదే. అలాంటివి అందరం ఆడతాం.

సోమవారం వార్త పెట్టాం. మాస్టారు పైపైన చూసి, ఫొటో చూసి, సంబరంతో ఆ లింక్ మేయర్‌గారి మునిమనవరాలికి పంపేశారు. ఆమె కంప్యూటర్ చేత అనువాదం చేయించుకుని చదివింది. జవాబు రెండు వాక్యాలు. మీ కృషికి ధన్యవాదాలు, ఇకమీదట మా కుటుంబం నుంచి ఏమీ పంపలేమని. అంత మర్యాదగా తలుపు వేసుకోవడం ఎక్కడా చూడలేదని మాస్టారు తర్వాత అన్నారు.

ఆ జవాబు చూశాకే ఆయన వార్త మొత్తం చదివారు. మా ఇంటికి వచ్చారు. నేను తలుపు తీసేసరికి ఫోన్ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నారు, అందులో నా వార్త.

"రండి మాస్టారూ. కాఫీ పెడతాను."

"కాఫీ తర్వాత. ఒక్కటి చెప్పు. నేను ఈ మాట అన్నానా?"

నేను ఫోన్ తీసుకుని, కొత్తగా చూస్తున్నట్టు చదివాను. ఎందుకు చదివాను? టైము కోసం.

"స్లైడ్లలో ఎక్కడా లేదయ్యా. వెతికాను. కానీ స్లైడ్లలో లేనివి కూడా మాట్లాడతాంగా? అందుకని అడుగుతున్నా. అక్కడికొచ్చినవాళ్ళని అడిగితే, పేపర్లో వచ్చిందంటే అనే ఉంటారు మాస్టారూ అంటున్నారు. వాళ్ళు సమోసాల కోసం వచ్చినవాళ్ళు, వాళ్ళకేం తెలుసు. నువ్వు విలేకరివి. నువ్వు చెప్పు."

ఒక్క క్షణం పట్టింది. నిజం నోటిదాకా వచ్చింది. దాని వెనకే ఇంకా చాలా వచ్చాయి. ఈయనకి చెప్తే మాధవికి తెలుస్తుంది. మాధవికి తెలిస్తే అందరికీ తెలుస్తుంది. పెద్ద డైలీలో చేసినాయన మీటింగ్‌కి వెళ్ళకుండానే వార్త రాశాడని ఆ కుర్రాళ్ళు నవ్వుకుంటారు. మంత్రిగారి సంగతి తెలిసి మేం నవ్వుకున్నట్టు.

"అన్నారు మాస్టారూ" అన్నాను.

"నేనా?"

"చివర్లో అన్నారు. ఫ్లోలో వచ్చేసింది. తర్వాత సర్దుదామనుకుని మర్చిపోయి ఉంటారు."

మర్చిపోయి ఉంటారు. అది ఎవరూ అడగలేదు. నేనే కలిపాను.

ఆయన వాదించలేదు. వాదిస్తారనుకున్నాను, వాదిస్తే బహుశా చెప్పేసేవాణ్ణేమో. కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నారు. చాలాసేపు తుడిచారు.

"మా అన్నయ్యకీ ఇలాగే మొదలైంది" అన్నారు. "ముందు అన్న మాటలు మర్చిపోయేవాడు. తర్వాత మనుషుల్ని." కళ్ళజోడు పెట్టుకుని, "నువ్వు కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పావయ్యా. వేరేవాళ్ళయితే మొహమాటపడేవాళ్ళు" అని లేచారు. కాఫీ తాగలేదు.

ఆ వారంలోనే మాధవి నా భార్యకి ఫోన్ చేసింది. డాడీ కార్ కీస్ ఇచ్చేశారని, ఎంత చెప్పినా వినడం లేదని. ఆష్‌బర్న్‌లో కారు లేకపోతే ఏమవుతుందో ఆ ఊళ్ళో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఇంటి ముందు పచ్చిక వరకే లోకం. లైబ్రరీ ఆగిపోయింది. పుస్తకం ఆగిపోయింది. మునిమనవరాలు తలుపు మూసినందుకని నేను కొన్నాళ్ళు సర్దిచెప్పుకున్నాను. అదికాదు. రాసే చేతిమీదే నమ్మకం పోయినవాడు ఏం రాస్తాడు? డాక్టర్ పరీక్షలు చేసి వయసుకి తగ్గట్టు అంతా బాగానే ఉందన్నాడట. "పరీక్షలకేం తెలుస్తుందమ్మా, నేను అన్న మాట నాకే గుర్తు లేదు" అన్నారట మాస్టారు. నా భార్య ఈ మాట చెప్తుంటే నేను గిన్నెలు కడుగుతున్నాను. కడుగుతూనే ఉన్నాను.

ఆమెకి కూడా చెప్పలేదు. ఇది చదివితే తెలుసుకుంటుంది.

వార్త సవరిద్దామని ఒకసారి ప్రెసిడెంట్‌తో అన్నాను. "లైట్ తీసుకోండి బ్రదర్, ఆ పేజీ ఎవడు చదివాడు?" అన్నాడు. హమ్మయ్య అనుకున్నాను. ఆ ఊపిరి ఇప్పటికీ నాకు గుర్తుంది. సవరణ అంటే ఎవరి పొరపాటో రాయాలి. అది రాయకుండా తప్పించుకునే దారి నాకు ఇంకొకడు చూపించాడు, నేను నడిచాను. వాణ్ణి అనడం దేనికి.

ఆ తర్వాత విందుల్లో మాస్టారు కనిపించేవారు. ఒక మూల కూర్చునేవారు. ఎవరైనా చరిత్ర సంగతి ఎత్తితే మొదలుపెట్టి, మధ్యలో ఆగి, "నేను పొరపాటు చెప్తున్నానేమో, చూసుకోండి" అనేవారు. గంట కిందటే వేసుకున్న మందుల గురించి మాధవిని "వేసుకున్నానా?" అని అడిగేవారు. నన్ను చూస్తే మాత్రం మొహం విప్పారేది. పక్కన కూర్చోబెట్టుకునేవారు. తనకి నిజం చెప్పిన ఒకే ఒక్క మనిషినని. నేను పళ్ళెం పట్టుకుని ఆయన పక్కన కూర్చుని తినేవాణ్ణి. ఎలా తిన్నాను?

కొన్నేళ్ళకి నా భార్యకి వేరే రాష్ట్రంలో, పార్సిప్పనీలో ఉద్యోగం దొరికింది. ఇల్లు మారుతున్నామంటే అందరూ అయ్యో అన్నారు. నాకు లోపల పండగలా ఉంది. దూరం వెళ్తే తగ్గుతుందనుకున్నాను. కొన్నాళ్ళు తగ్గింది కూడా. తర్వాత ఏదైనా వార్త చదువుతూ 'అభిప్రాయపడ్డారు' అన్న మాట దగ్గర ఆగిపోయేవాణ్ణి. ఆ మాట నాకు ఇప్పుడు చదవడం రాదు.

పోయిన నెల కారు తీసి ఆష్‌బర్న్ వెళ్ళాను. మాస్టారికి ఎనభై దాటాయి. మాటలో తడబాటు లేదు. నన్ను చూడగానే పేరు పెట్టి పిలిచి, నా భార్య మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగారు. ఆ నొప్పి సంగతి ఎప్పుడో ఒకసారి విన్నారంతే. ఈయనకి మతిమరుపు రాలేదు. ఇన్నేళ్ళయినా రాలేదు. రాని జబ్బుతో ఇన్నేళ్ళూ బతికారు.

చెప్పేశాను. మీటింగ్ రూములో నేను లేనని, హోటల్లో ఉన్నానని, ఆ వాక్యం నేను కల్పించానని. మాస్టారు శ్రద్ధగా విన్నారు. చివర్లో నవ్వారు. చాలా దయగా నవ్వారు.

"నీది మంచి మనసయ్యా. ముసలాడు బాధపడుతున్నాడని ఇంత దూరం డ్రైవ్ చేసుకుని వచ్చావు."

"అది కాదు మాస్టారూ. నిజంగా నేను అక్కడ లేను."

"ఎందుకు లేవు? ఫొటోలో ఉన్నావుగా. నాకు గుర్తు లేకపోయినా ఫొటోకి గుర్తుంటుంది." నా మోకాలి మీద తట్టారు. "వదిలెయ్. నేను ఎప్పుడో సర్దుకున్నాను."

ఇంకా చెప్పాను. ఒట్టు పెట్టుకున్నాను. నేను ఎంత గట్టిగా చెప్తే ఆయన అంత జాలిగా చూశారు. ఆయన తన్ను తాను నమ్మకుండా చేసింది నేనే. ఇప్పుడు ఆయన పక్షాన నేను చెప్పే సాక్ష్యాన్ని ఆయన దేనితో నమ్ముతారు?

బయటికి వచ్చి కారు తలుపు తీస్తుంటే మాధవి చెప్పులు లేకుండా డ్రైవ్‌వేలోకి వచ్చింది. వంటగదిలోంచి వింది.

"ఆగండి అన్నయ్యా. డాడీతో మీరు చెప్పింది కన్సోల్ చేయడానికా, నిజమా?"

"నిజం."

"అయితే నాకు చెప్పండి. ఫుల్‌గా చెప్పండి."

చెప్పాను. మర్చిపోయి ఉంటారన్న మాట కూడా దాచలేదు. ఆమె చేతులు కట్టుకుని వింది.

"నేను కూడా ఆయన్ని నమ్మడం మానేశాను, తెలుసా?" అంది. "స్టవ్ ముట్టుకోనివ్వలేదు. ఆయన ఏదైనా చెప్తే గూగుల్‌లో చెక్ చేసేదాన్ని, ఆయన ముందే. రిపోర్ట్స్ నార్మల్ అని వస్తే టెస్ట్ రాంగేమో అనుకున్నాను. మా నాన్న కన్నా మిమ్మల్ని నమ్మాను." ఊపిరి పీల్చుకుంది. "ఇప్పుడేం చేయమంటారు? వెళ్ళి కీస్ ఇచ్చి, డ్రైవ్ చేయండి డాడీ అనమంటారా? ఎయిటీ టూ ఆయనకి."

ఆమె తిట్టలేదు. క్షమించాననీ అనలేదు. లోపలినుంచి మాస్టారి గొంతు వినిపించింది. మందులు వేసుకున్నానా అమ్మా అని. ఆమె వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

నేను వెంటనే కారు స్టార్ట్ చేయలేదు. ఇక్కడ కూడా అబద్ధం రాయకూడదు కాబట్టి రాస్తున్నాను, నాకు తేలికపడింది. ఇన్నేళ్ళకి ఒక్క మనిషి నేను చెప్పింది నమ్మింది. నా బరువు తీసుకెళ్ళి ఆమె నెత్తిన దించానని తెలుసు. తెలిసినా తేలికగానే ఉంది. ఆ తేలికకి సిగ్గుపడుతూనే ఇంటిదాకా డ్రైవ్ చేశాను. ఇప్పుడు మీకు చెప్తుంటే కూడా అలాగే ఉంది.